వాల్వును వెనుకకు తెచ్చు బలము

మణుగూరు నుండి పినపాక వైపు సాగు దారిలో కొంతసేపు నిలిచి ఆలకించినవారికి ఇంజనులలో ఎన్ని స్వభావములు గలవో చూడకయే తెలిసిపోవును. గోదావరి గట్టున మిరపతోటలకు నీరు తోడు ఆయిలింజను ఒక్కొక్క దెబ్బను వేరుగా లెక్కింపదగినంత నింపాదిగా నడచును. పత్తిచేల మధ్య ట్రాక్టరు అంతకంటె కొంచెము త్వరపడును. గనుల నుండి బొగ్గు మోయు లారీలు మిట్ట యెక్కునప్పుడు గేరు మార్చుకొని గొంతు పెంచును. వీని నడుమ అప్పుడప్పుడొక బుల్లెట్టు మోటారుసైకిలు తన సహజవేగమును మించి పరుగెత్తుచు పోవును. ఈ యంత్రములన్నిటి శిరస్సులందును, ఇంధనమేదైనను, సామర్థ్యమెంతైనను, చుట్టలుగా చుట్టిన ఉక్కుతీగ యొకటి ఒకే పనిని చేయుచున్నది: తెరచుకొనిన వాల్వును మరల మూయుట. నెమ్మదిగా నడచు యంత్రములో ఈ పని యెవరి దృష్టికిని రాదు. వేగము కోరి క్యామ్‌షాఫ్టును మార్చినవానికి మాత్రము మొట్టమొదట ఎదురు నిలుచునది ఈ చిన్న స్ప్రింగే. దానిని ఎన్నుకొనుటలో బలముకంటె తగుదల ముఖ్యమనియు, ఆ తగుదలను నిర్ణయించునది క్యామ్‌షాఫ్టే గాని కొనువాని ఉత్సాహము కాదనియు చూపుట ఈ అధ్యాయమునకు ప్రయోజనము.

నాలుగు స్ట్రోకుల ఇంజనులో పిస్టను రెండుమారులు క్రిందికిని, రెండుమారులు పైకిని పోవు కాలములో గాలిని పీల్చు వాల్వు ఒకమారు, పొగను విడుచు వాల్వు ఒకమారు తెరచుకొని మూసికొనవలెను. అందుచేత క్యామ్‌షాఫ్టు క్రాంకుషాఫ్టు వేగములో సగము వేగముతో తిరుగును. ఇంజను నిమిషమునకు 6,000 చుట్లు తిరుగునప్పుడు ప్రతి వాల్వును నిమిషమునకు 3,000 మారులు, అనగా సెకనునకు 50 మారులు, తెరచి మూయవలసి యుండును. క్యామ్ అనగా షాఫ్టు మీద ఒకవైపు ఉబికి ముక్కుదేరిన గుండ్రని భాగము. ఆ ముక్కు టాపెట్టును నెట్టును. టాపెట్టు పుష్‌రాడ్డును, పుష్‌రాడ్డు రాకరును, రాకరు వాల్వును నెట్టును. నెట్టుటయే గాని లాగుట క్యామునకు సాధ్యము కాదు. ముక్కు దాటిన పిమ్మట దాని ఎత్తు తగ్గుచు పోవును. ఆ తగ్గుదలను వెన్నంటి వాల్వు మొదలు టాపెట్టు వరకు గల భాగములన్నియు ఎడము లేక తరలి రావలెనన్నచో, వానిని క్యామ్ మీదికి ఒత్తిపట్టు బలము వేరొకటి యుండి తీరవలెను.

ఆ బలమునకు అన్నిటికంటె కష్టమైన ఘడియ యేదియని అడిగినచో, వాల్వు తన సీటు మీద మూసికొనియుండి సిలిండరులోని పేలుడును అడ్డుకొను ఘడియ యని పలువురు తలంతురు. అది నిజము కాదు. అప్పుడు సిలిండరులోని ఒత్తిడియే వాల్వును సీటు మీదికి అదుముచుండును, స్ప్రింగునకు అందులో పనియే లేదు. వాల్వు తెరచుకొనుట మొదలిడినప్పుడును స్ప్రింగునకు కష్టము లేదు, ఏలయన క్యామ్ వాల్వును ముందుకు తరుముచున్నంతసేపు ఆ భాగముల జడత్వమే వానిని క్యామునకు అంటియుంచును. కష్టము సగము దారి దాటిన తరువాత వచ్చును. వాల్వు ఇంకను తెరచుకొనుచునే యుండును గాని క్యామ్ ఇక దాని వేగమును తగ్గింపవలెను. క్యామునకు లాగు శక్తి లేదు కనుక ఆ వేగమును అణచి, ముక్కు కొనవద్ద క్షణకాలము నిలిపి, వెనుకకు మరలించు భారమంతయు స్ప్రింగు మీదనే పడును. మణుగూరు బస్సులో వెనుకసీటున కూర్చుండి ప్రయాణించినవారికి ఈ సంగతి దేహమునకే తెలియును: బస్సు కల్వర్టు మూపును మెల్లగా దాటినచో మనము సీటునంటియే యుందుము, అదే మూపును వడిగా దాటినచో సీటు క్రిందికి జారిపోవును, మనము గాలిలో నిలిచిపోవుదుము, మరుక్షణము సీటు వచ్చి నడుమును పొడుచును. క్యామ్ ముక్కు ఆ మూపు. వాల్వు మొదలైన భాగములు ప్రయాణికులు. మనలను సీటునకు పట్టియుంచు భూమ్యాకర్షణకు బదులుగా ఇక్కడ స్ప్రింగున్నది.

మూపు ఒకటే యైనను వడి పెరిగినకొలది కావలసిన బలము వడితో సమముగా గాక వడి వర్గముతో పెరుగును. ఈ ఒక్క నియమమును మనస్సున నిలుపుకొనినవానికి స్ప్రింగు శాస్త్రములో సగము వశమైనట్లే. నిమిషమునకు 1,500 చుట్లు తిరుగు ఆయిలింజనును 6,000 చుట్లు తిరుగు మోటారుసైకిలు ఇంజనుతో పోల్చిచూడుడు: క్యామ్ ఆకారము, వాల్వు బరువు సమానమే యనుకొన్నను, రెండవదానికి కావలసిన బలము నాలుగింతలు కాదు, పదునారింతలు. ఆయిలింజను స్ప్రింగు అరవంతు బిగువు కోల్పోయినను మిరపతోటకు నీరు పారుచునే యుండుటకును, పరుగుబండి స్ప్రింగు పదవవంతు కోల్పోయినంతమాత్రమున బండి వెనుకబడుటకును కారణమిదియే.

లెక్క యొకటి చేసి చూతము. ఊహించిన అంకెలే యైనను అసలు ఇంజనులకు దూరమైనవి కావు. వాల్వు 10 మిల్లీమీటర్లు తెరచుకొనుననియు, క్యామ్‌షాఫ్టు 135 డిగ్రీలు తిరుగు కాలములో ఈ తెరచుట, మూయుట రెండును ముగియుననియు, ఆ కదలిక కొసైను వక్రము ననుసరించుననియు, కదలు భాగముల మొత్తము బరువు 200 గ్రాములనియు అనుకొందము. ఇంజను 6,000 చుట్ల వద్ద నున్నప్పుడు క్యామ్ ముక్కు కొనవద్ద వాల్వునకు కావలసిన ఋణత్వరణము సెకను వర్గమునకు సుమారు 3,500 మీటర్లు. అనగా భూమ్యాకర్షణకు 350 రెట్లకు మించినది. ఆ త్వరణమును 200 గ్రాముల లోహమునకు కలిగించుటకు 72 కిలోల బరువంత బలము కావలెను. అదే ఇంజను 5,000 చుట్లతో తృప్తిపడినచో 50 కిలోలు చాలును. 7,000 చుట్లకు ఎగబ్రాకినచో 97 కిలోలు కావలెను. ఇది ప్రకృతి విధించిన కనీసపు సుంకము. కదలు భాగములు నిజముగా వంగని కడ్డీలు కావు గనుకను, వంగి నిగుడుటలో అవియు అదిరిపోవుచుండును గనుకను, ఈ కనీసము మీద అయిదవ వంతో ఆరవ వంతో అదనముగా ఉంచుట అనుభవజ్ఞుల పద్ధతి. 6,000 చుట్ల ఇంజనునకు వాల్వు పూర్తిగా తెరచినప్పుడు 85 కిలోల బలము గల స్ప్రింగు తగియుండునని మన లెక్కవలన తేలుచున్నది.

ఇచ్చట ఒక పొరపాటు అభిప్రాయమును తొలగింపవలసియున్నది. క్యామ్ ఎత్తు ఎక్కువైనచో గట్టి స్ప్రింగు కావలెనని దుకాణములయందు చెప్పుదురు గాని, ఎత్తు ఒక్కటియే నిర్ణాయకము కాదు. ఆ ఎత్తు ఎంత కోణములో సాధింపబడినదనుట అంతకంటె ముఖ్యము. మన 10 మిల్లీమీటర్ల ఎత్తునే 135 డిగ్రీలకు బదులు 120 డిగ్రీలలో ముగింపజూచినచో 72 కిలోలు 91 అగును; 150 డిగ్రీలకు సాగదీసినచో 58కి దిగును. పందెపు క్యామ్ అనగానే క్రూరమైనదని భావింపరాదు. పైవేగములలో గాలికి లోనికి వచ్చు వ్యవధి చాలదు గనుక వాల్వును ఎక్కువ కోణము తెరచియుంచు పందెపు క్యామ్, స్ప్రింగు పట్ల ఒక్కొక్కప్పుడు సౌమ్యముగానే యుండును. నెమ్మదిగా నడచునప్పటి బలము చెడకుండ, తెరచియుండు కోణమును పెంచకయే ఎత్తును మాత్రము పెంచిన వీధిబండి క్యామే స్ప్రింగును ఎక్కువగా హింసించును. కావుననే క్యామ్‌షాఫ్టును రూపొందించినవారు ఇచ్చు స్ప్రింగు అంకెలను, అనగా వాల్వు మూసియున్నప్పుడు ఎంత బలము, పూర్తిగా తెరచినప్పుడు ఎంత బలము అను రెంటిని, మొదటి ప్రమాణముగా గ్రహింపవలెను. ఆ వక్రమును గీసినవారికే దాని త్వరణము తెలియును.

బలమును పెంచుటకు పూర్వము బరువును తగ్గింపజూచుట వివేకము. 200 గ్రాములలో 20 గ్రాములు తగ్గింపగలిగినచో 6,000 చుట్ల వద్ద 7 కిలోల బలము ఆదా యగును, 7,000 చుట్ల వద్ద దాదాపు 10 కిలోలు. ఆ 20 గ్రాములను ఎచ్చట తగ్గించితిమనునదియు గమనింపదగినది. రాకరు చేతులు రెండును సమానములు కానప్పుడు, వాల్వు వైపు చేయి క్యామ్ వైపు చేతికంటె ఒకటిన్నర రెట్లు పొడవైనదనుకొనుడు, క్యామ్ వైపున నున్న పుష్‌రాడ్డు, టాపెట్టుల బరువు వాల్వు దృష్టిలో రెండుంబావుచే భాగించినంతగా తగ్గి కనబడును. అనగా వాల్వు వైపున తగ్గించిన ఒక గ్రాము, పుష్‌రాడ్డున తగ్గించిన రెండు గ్రాములకు మించిన మేలు చేయును. అందుచేతనే స్ప్రింగు కొననున్న రిటైనరును టైటేనియముతో చేయుదురు, వాల్వు కాడను సన్నము చేయుదురు. పుష్‌రాడ్డును మాత్రము బరువైనను వంగనిదిగానే ఉంచుకొందురు. స్ప్రింగు బరువులో మూడవవంతు కూడ ఈ కదలు బరువులో చేరును గనుక, గట్టిదనమునకై లావుచేసిన స్ప్రింగు తాను తెచ్చిన బలములో కొంతభాగమును తననే కదలించుకొనుటకు వ్యయము చేసికొనును.

బలము చాలనప్పుడు జరుగునది మెకానిక్కులు వాల్వు ఫ్లోట్ అని చెప్పుకొను వ్యాధి. ముక్కు కొనవద్ద టాపెట్టు క్యామును విడిచి గాలిలో సాగిపోవును; మరల వచ్చి తాకునప్పుడు మెత్తగా దిగవలసిన వాల్వు సీటు మీద వడిగా పడి, పడిన తాకిడికి ఒకటి రెండుమారులు ఎగిరి పడును. ఆ వ్యవధిలో సిలిండరు గాలిని పట్టియుంచజాలదు గనుక వేగమాపిక ముల్లు ఒకచోట ఆగిపోయి, ఇంజను తడబడుచున్న చప్పుడు చేయును. ఇంతటితో పోయినచో అదృష్టము. తెరచియుండవలసిన కాలమును మించి తెరచియున్న వాల్వును పైకి వచ్చుచున్న పిస్టను తాకినచో వాల్వు కాడ వంగును, తల తెగిపడును, ఆ తల సిలిండరులో ఒకటి రెండు చుట్లు నలిగినంతనే ఇంజను మొత్తము పోవును.

ఈ భయముచేతనే పలువురు అంగడిలో దొరికిన మిక్కిలి గట్టి స్ప్రింగును తెచ్చి బిగింతురు. నా అభిప్రాయములో ఇది మొదటిదానికంటె తక్కువ తప్పు కాదు. నష్టము ఆలస్యముగా కనబడుట యొక్కటియే భేదము. అవసరమునకు మించిన ప్రతి కిలో బలమును క్యామ్ ముక్కు, టాపెట్టు ముఖము, రాకరు కొన పంచుకొని మోయవలెను. మరియొక విశేషమేమనగా, క్యామ్ ముక్కు మీద ఒత్తిడి పరుగులోకంటె నెమ్మదినడకలోనే ఎక్కువ. పరుగులో స్ప్రింగు బలములో అధికభాగము జడత్వమును జయించుటకే ఖర్చగును, మిగిలినదే క్యామ్ మీద పడును. ఇంజను ఊరక నిలిచి తిరుగుచున్నప్పుడు జడత్వబలము లెక్కలోనికి రాదు కనుక 85 కిలోలకు 85 కిలోలును రాకరు నిష్పత్తిచే ఇంకను పెరిగి ముక్కును నొక్కును. సంతవీధులలో మెల్లగా నడుపుకొను బుల్లెట్టునకు పందెపు స్ప్రింగు తొడిగినవాడు పరుగులో లభింపని లాభమునకై ప్రతిదినము క్యామును అరగదీయుచున్నాడు. మద్రాసు వద్ద తిరువొత్తియూరులో దశాబ్దముల తరబడి తయారైన ఆ పాత బుల్లెట్టు 350 ఇంజను 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు గల దీర్ఘగతి యంత్రము. దాని గరిష్ఠశక్తి 5,600 చుట్ల ప్రాంతముననే వచ్చిపోవును. వాల్వులు తట్టుకొన్నను అంత పొడవు పరుగు పెట్టు పిస్టను ఆపై వేగములను ఓర్చుకొనదు గనుక, దానికి 8,000 చుట్ల స్ప్రింగు ఏ విధముగను ఉపకరింపదు.

బలము తేలిన పిమ్మట కొలతలకు రావలెను. పనివాని నేర్పు పరీక్షకు నిలుచునది ఇచ్చటనే. స్ప్రింగు బిగింపబడి, వాల్వు మూసియున్నప్పుడు దాని పొడవు 40 మిల్లీమీటర్లు, అప్పటి బలము 35 కిలోలు అనుకొందము. ఒక్కొక్క మిల్లీమీటరు అణగినకొలది 5 కిలోలు పెరుగు స్ప్రింగైనచో, 10 మిల్లీమీటర్లు తెరచినప్పుడు పొడవు 30, బలము 85. చుట్టలన్నియు ఒకదానినొకటి తాకి ఇక అణగని స్థితికి వచ్చు పొడవు 28.5 మిల్లీమీటర్లైనచో ఒకటిన్నర మిల్లీమీటరు ఎడము మిగిలినది, ఇది చాలును. ఇప్పుడు ఈ స్ప్రింగునే ఉంచి 12 మిల్లీమీటర్ల ఎత్తు గల క్యామ్‌షాఫ్టును తొడిగిన మనిషి చేసిన పనిని చూడుడు. వాల్వు పూర్తిగా తెరచుటకు స్ప్రింగు 28 మిల్లీమీటర్లకు అణగవలెను. కాని అది 28.5 వద్దనే గట్టి ఉక్కు గొట్టమై నిలిచిపోవును. క్యామ్ ఆగదు. పుష్‌రాడ్డు వంగును, లేదా రాకరు విరుగును, లేదా క్యామ్ ముక్కు చెక్కుకొనిపోవును. బలము తగ్గినదని స్ప్రింగు క్రింద ఒక మిల్లీమీటరు షిమ్ము వేయుటయు ఇట్టిదే: 10 మిల్లీమీటర్ల క్యామ్‌తోనే బలము రెండు కొనలయందును 5 కిలోలు పెరుగును గాని, ఒకటిన్నర మిల్లీమీటరు ఎడము అర మిల్లీమీటరగును. రిటైనరు అడుగుభాగము క్రిందికి వచ్చి వాల్వు గైడు మీది ఆయిలుసీలును గ్రుద్దునేమో కూడ చూడవలెను; ఎత్తైన క్యామ్ తొడిగిన ఇంజనులు కొలది దినములలోనే నీలిపొగ వదలుటకు తరచు ఇదే హేతువు.

కొలుచుటకు గొప్ప పరికరములు లేకపోయినను కొలువవచ్చును. ఏడూళ్ల బయ్యారము కూడలిలోని మోటారు షెడ్డువంటి చోటనైనను వెర్నియరు, నిలువు డ్రిల్లింగు యంత్రము, మనుషులను తూచు కాటా ఈ మూడును సమకూరును. కాటా మీద దళసరి ఇనుపరేకు, రేకు మీద స్ప్రింగును నిలిపి, డ్రిల్లింగు యంత్రపు చేతితో పైనుండి మెల్లగా అదుముచు, స్ప్రింగు పొడవు 40 మిల్లీమీటర్లైనప్పుడు కాటా చూపు అంకెను, 30 అయినప్పటి అంకెను వ్రాసికొనవలెను. విద్యుత్తు ఆపివేసి, కన్నులకు అద్దములు పెట్టుకొని చేయవలసిన పని యిది. జారిన స్ప్రింగు గాయము చేయగలదు. ఒక ఇంజనులోని స్ప్రింగులన్నిటిని ఇట్లు కొలిచినప్పుడు ఒకటి మిగిలినవానికంటె నాలుగైదు కిలోలు తక్కువ చూపినచో, ఆ ఇంజను వేగమునకు హద్దు ఆ ఒక్క స్ప్రింగే. పాతబడిన స్ప్రింగు బలహీనమైనదని మనమందుము గాని, దానిలో నిజముగా తగ్గినది మిల్లీమీటరునకింత యను పెరుగుదల కాదు, విడిగా నిలిపినప్పటి పొడవు. ఉక్కు గుణము అట్లే యుండి, తీగ కొంచెము కుంగి స్థిరపడినది.

స్ప్రింగు సాగుదలకును బలమునకును గల ఈ సమానుపాతమును ఇంగ్లాండు శాస్త్రజ్ఞుడు రాబర్టు హుక్ 1678లో ప్రకటించెను. చుట్టుతీగ విషయములో ఆ నియమమునకు చేర్చుకొనవలసిన సూక్ష్మమొకటి కలదు: బిగువు తీగ వ్యాసము యొక్క నాలుగవ ఘాతముతో పెరుగును, చుట్ట వ్యాసము యొక్క మూడవ ఘాతముతో తగ్గును. 4 మిల్లీమీటర్ల తీగకు బదులు 4.2 మిల్లీమీటర్ల తీగను వాడినచో, కంటికి ఆనని ఆ అయిదు శాతపు భేదము బిగువును 21 శాతమునకు మించి పెంచును. చూచుటకు ఒక్కతీరుననే యున్న రెండు స్ప్రింగులు చేయు పనిలో ఎంత వేరగునో దీనివలన గ్రహింపవచ్చును.

ఇంతవరకు స్ప్రింగును బలమునిచ్చు వస్తువుగనే చూచితిమి. అది తానును బరువు గల వస్తువు. కదలించినచో తన చుట్టల వెంబడి అల యొకటి ఈ కొన నుండి ఆ కొనకు ప్రాకి మరలి వచ్చును. 60 గ్రాముల బరువును, మన లెక్కలోని బిగువును గల స్ప్రింగు రెండు కొనలను పట్టియుంచినచో దాని సహజ కంపనము సెకనునకు దాదాపు 450 మారులు. క్యామ్ సెకనునకు 50 మారులే తట్టుచున్నది గదా, వీనికి పొత్తేమని తోచవచ్చును. కాని క్యామ్ తట్టు తట్టు నున్నని ఒకే కంపనము కాదు. దానిలో రెండింతలు, మూడింతలు, అట్లే తొమ్మిది, పది ఇంతల కంపనములు చిన్న చిన్న పాళ్లలో కలిసియుండును. సరిగా 6,000 చుట్ల ప్రాంతమున తొమ్మిదవ గుణిజము స్ప్రింగు సహజ కంపనముతో ఏకీభవించును. అప్పుడు నడిమి చుట్టలు అనునాదముచే ఊగిపోవుచు, ఒక క్షణము కొనలవద్ద బలమును పెంచి, మరుక్షణము తగ్గించును. కాటా మీద 85 కిలోలు చూపిన స్ప్రింగు ఇంజనులో అవసరమైన క్షణమున అంతకు ఎంతో తక్కువ ఇచ్చును. లెక్క ప్రకారము చాలవలసిన స్ప్రింగు చాలకపోవుటకు తరచు కారణమిదియే. గట్టిదనము పెంచుట దీనికి మందు కాదు. పెంచవలసినది సహజ కంపనము. దానికి తేలికైన తీగయు, తక్కువ చుట్టలును కావలెను.

ఈ అలను అణచుటకు యంత్రశిల్పులు పన్నిన ఉపాయములు ముచ్చటైనవి. ఒక స్ప్రింగులో మరియొక స్ప్రింగును దూర్చి, రెండును ఒరసికొనునట్లు చేయుదురు; వాని కంపనములు వేరువేరగుటచే రెండును ఒకే వేగమున ఊగవు, ఒరపిడి ఊపును మ్రింగివేయును. చుట్టల నడుమ చుట్ట ఇరుక్కొనకుండ ఒకదానిని కుడివైపునకు, మరియొకదానిని ఎడమవైపునకు చుట్టుదురు. ఒకటి విరిగినను రెండవది వాల్వును పడిపోనీయక పట్టుట మరియొక లాభము. ఒక కొనవద్ద దగ్గరగా, మరియొక కొనవద్ద ఎడముగా చుట్టిన స్ప్రింగులో అణగుచున్నకొలది దగ్గరి చుట్టలు మూసికొనిపోయి సహజ కంపనము మారుచుండుటచే అనునాదము కుదురుకొనదు. అట్టిదానిని బిగించునప్పుడు దగ్గరి చుట్టల కొన కదలని సిలిండరుతల వైపునకే యుండవలెను, తలక్రిందులైనచో కదలు బరువు వృథాగా పెరుగును. పైకి పోవుకొలది సన్నబడు స్ప్రింగు ఈ గుణములన్నిటిని ఒకే తీగలో సాధించి, పైగా చిన్న రిటైనరుతో సరిపెట్టుకొనును; స్థలము, అవసరము రెండును అనుమతించినచోట నేను దీనికే మొదటి స్థానమిత్తును.

తీగ ఉక్కును గురించి కొంచెము. సిలికాను, క్రోమియము కలిపిన శుభ్రమైన ఉక్కును సన్నని తీగగా లాగి, చుట్టి, కాచి, ఉక్కుగుండ్ల వర్షముతో పైపొరను మోదుదురు. ఆ మోదుటచే పైపొరలో నిలిచిన సంపీడనము పగుళ్లను పుట్టనీయదు. తీగలో ఒత్తిడి అధికమగునది చుట్ట లోపలి అంచున. విరిగిన స్ప్రింగును భూతద్దము క్రింద పెట్టి చూచినచో, ఆ లోపలి అంచున సూదిమొన యంత తుప్పుగుంటయో, పనిముట్టు గీసిన గీతయో ఒకటి కనబడును. దానినుండి నున్నని అర్ధచంద్రాకారపు మచ్చ వ్యాపించి, మిగిలిన భాగము గరుకుగా తెగియుండును. నున్నని భాగము లక్షల అణగుటలలో మెల్లగా ప్రాకిన పగులు. గరుకుభాగము ఒక్క క్షణములో జరిగిన విరుగుట. గోదావరి వరద తేమలో విప్పియుంచిన స్ప్రింగునకు నూనె రాయక వదలుట, దానిని శ్రావణముతో పట్టి బిగించుట ఎందుకు కూడదో ఆ మచ్చయే చెప్పును.

పందెపు ఇంజనుల విద్య మన తెలుగువారికి పరాయిది కాదు. మద్రాసు నుండి నెల్లూరు వైపు వచ్చు బాటలో షోలవరమున రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానమైదానము మీద, 1953లో ఏర్పడిన మద్రాసు మోటారు క్రీడాసంఘము వారు దశాబ్దముల పాటు పందెములు నడపిరి. ఇంటిలో తెలుగును నిలుపుకొనియున్న కుటుంబములు తరతరములుగా స్థిరపడిన కోయంబత్తూరు ఆ పందెములకు ప్రధానమైన కార్ఖానాయయ్యెను. అచ్చటి లక్ష్మీ మిల్లుల కుటుంబమునకు చెందిన ఎస్. కరివర్ధన్ తాను పందెగాడై యుండియు, విదేశీ ఇంజనులకై ఎదురుచూచుట మాని, 1988లో మారుతి 800 ఇంజనుతో ఒంటిసీటు పందెపుబండిని నిర్మించి ఫార్ములా మారుతి యను తరగతిని ప్రారంభించెను. 796 ఘనసెంటీమీటర్లు, మూడు సిలిండర్లు, ఆరు వాల్వులు గల చిన్న ఇంజనది. క్యామ్‌షాఫ్టు తలమీదనే యుండుటచే దానిలో పుష్‌రాడ్డులు లేవు. మనము పైన చెప్పుకొనిన కదలు బరువులో ఒక భాగము ఈ ఏర్పాటువలననే తొలగిపోయి, అదే స్ప్రింగు బలముతో ఎక్కువ వేగము సాధ్యమగును. కరివర్ధన్ 1995లో విమానప్రమాదమున మరణించెను. కోయంబత్తూరు సమీపమున 2003లో వెలసిన పందెపుబాట ఆయన పేరనే యున్నది. అదే ఊరినుండి వచ్చిన నారాయణ్ కార్తికేయన్ 2005లో జోర్డాను జట్టు పక్షమున ఫార్ములా వన్ పందెములలో పాల్గొన్న తొలి భారతీయుడయ్యెను.

ఆయన నడపిన బండి ఇంజనులో ఉక్కు స్ప్రింగులే లేవు. చుట్టల అనునాదమును జయింపలేక, 1986లో రెనో వారు ఫార్ములా వన్ ఇంజనున స్ప్రింగులకు బదులు సంపీడిత వాయువును వాడిరి; వాయువు బరువు లేదనదగినంత తక్కువ గనుక చుట్టల వెంట ప్రాకు అల అందులో లేదు, నిమిషమునకు 18,000 చుట్లకు మించిన వేగములు దానివలననే సాధ్యమయ్యెను. అంతకు ముందే 1954లో మెర్సిడెస్ వారును, 1956 నుండి డుకాటీలో ఫాబియో తాలియోనీయును, మూయుటకు కూడ వేరొక క్యామునే నియోగించి, క్యామునకు లాగు శక్తి లేదను లోపమును సూటిగా తీర్చిరి. ఈ మార్గములు శిఖరములను చేరినవి గాని, చవుకగా దొరకి, వెర్నియరుతో కొలిచి, మన షెడ్డులలోనే మార్చుకొనదగినది చుట్టు స్ప్రింగొక్కటే.

కావున క్రొత్త క్యామ్‌షాఫ్టును కొనిన యువకుడు స్ప్రింగులను కూడ దానితోపాటే, దాని అంకెల ప్రకారమే కొనవలెను. టర్బో అమర్చిన ఇంజనైనచో లెక్కలో మరియొకటి చేర్చవలెను: గాలి ఒక వాతావరణపు ఒత్తిడితో అదనముగా నెట్టబడుచున్నప్పుడు 40 మిల్లీమీటర్ల పీల్పుడు వాల్వును వెనుకనుండి సుమారు 13 కిలోల బలము తెరువజూచును, మూసియున్నప్పటి స్ప్రింగు బలము అంతమేరకు పెరుగవలెను. అంతయు కుదిరిన పిమ్మట, బల్లపరుపు టాపెట్టులు గల ఇంజనులో జంటస్ప్రింగులు వాడినప్పుడు, మొదటిమారు స్టార్టు చేయుటకు ముందు లోపలి స్ప్రింగులను తీసి ప్రక్కన పెట్టవలెను. క్యామ్ ముఖములకు దళసరి కందెన పూసి, జింకు గల ఆయిలు పోసి, ఇంజనును ఊరక మెల్లగా తిరుగనీయక 2,000 చుట్లకు తగ్గకుండ ఇరువది నిమిషములు నడపవలెను. నెమ్మదినడకలో ముక్కు మీద పడు ఒత్తిడియు, చాలీచాలని ఆయిలు చిందుడును కలిసి క్రొత్త క్యామును ఆ ఇరువది నిమిషములలోనే పాడుచేయగలవు. ఇంజను చల్లారిన తరువాత ఆయిలును మార్చి, లోపలి స్ప్రింగులను యథాస్థానమున బిగించి, టాపెట్టు ఎడమును మరల సరిచూచి, అప్పుడు బండిని రోడ్డు మీదికి తీయవచ్చును.